జరగని పందెం

జమ్మలమడుగులో పెన్న గట్టున నిలబెట్టిన నల్లరాయిని తిరునాళ్ల నాటిదాకా ఎవరికీ చూపించకూడదని కమిటీవాళ్లు గోనెపట్టాలు చుట్టి తాడు బిగించారు. లాల్ బాషా ఆ కట్టుబాటును గౌరవించేవాడే. కానీ రాయి చెక్కిన శివకు పెద్దవాళ్ల కట్టుబాట్ల మీద అంత గౌరవం లేదు. గుర్రాలకు లాడాలు కొట్టే మనిషీ రాళ్లకు ఉలి వేసే మనిషీ ఒకే సుత్తికి పుట్టిన బిడ్డలని అతని లెక్క.

"నీకు చూపించక ఇంకెవురికి చూపిస్తా మామా? దా" అని పట్టా పైకెత్తాడు.

పైన పెద్ద అక్షరాల్లో 'గుర్రప్పందేల అరవై ఏండ్ల చరిత్ర' అని ఉంది. కింద ఏడాదికొక వరుస. ఏడు, గెలిచిన గుర్రం పేరు, గుర్రం యజమాని పేరు. లాల్ బాషా కూడబలుక్కుని చదువుతూ ఒక్కో వరుసే కిందికి దిగాడు. అన్నీ తెలిసిన పేర్లే. ఆ గుర్రాల్లో సగానికి పైగా డెక్కలు ఆయన ఒళ్లో పెట్టుకున్నవే. యజమానుల పేర్లన్నీ ఉన్నాయి. వాటి మీద కూర్చుని, ఇసక మింగి, కాళ్లు విరగ్గొట్టుకుని గెలిపించిన వాళ్ల పేరు ఒక్కటీ లేదు. సరే, లోకం తీరే అంత, పెండ్లి ఒకరిది పీపీలు ఊదేది ఇంకొకరు అనుకున్నాడు. ఆయన చూపు వెతుకుతున్నది ఒకే ఒక్క వరుసను. ఆ ఏడు యజమానీ ఎక్కినవాడూ ఒకడే.

ఆ వరుస నడుం ఎత్తున వచ్చింది. '1988. పందెం జరగలేదు.'

లాల్ బాషా కండ్లద్దాలు తీసి, లుంగీ చెంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని చదివాడు. రాయి మాట మార్చలేదు.

"ఏందిరా ఇది?"

"కాయితంలో ఏముంటే అదే కొట్టినా మామా" అన్నాడు శివ. "కరోనా రెండేండ్లకూ అదే మాట రాసిచ్చినారు. ఇదీ అట్లాంటిదే అనుకుంటి."

"ఎనబై ఎనిమిదిలో యాడిదిరా కరోనా!"

శివ గతుక్కుమని పట్టా దించాడు. లాల్ బాషా వెనక్కి తిరిగి ఇంటిదారి పట్టాడు.

ఇంటికి వచ్చేసరికి అన్న సత్తార్ నులకమంచం మీద కూర్చుని, ఒళ్లో స్టీలు చెంబు పెట్టుకుని, దాని మెడ చుట్టూ వేలు తిప్పుతున్నాడు. పెండ్లినాడు పేరు కొట్టించిన చెంబు అది. చుక్కలు చుక్కలుగా 'అబ్దుల్ సత్తార్' అని ఉంటుంది. చక్కెర జబ్బు ఆరేండ్ల కిందట ఆయన చూపును తినేసింది. రాయి మీద పేరు చెక్కుతున్నారని తమ్ముడు చెప్పిన రోజు నుంచి ఆ ముసలాయన చెంబు వదలలేదు. అక్షరాలను వేలితో గుర్తుపట్టడం సాధన చేస్తున్నాడు, డెబ్బై రెండేండ్ల వయసులో, బళ్లో చేరిన పిల్లోడి మాదిరిగా.

"రాయి నిలబెట్టినారంట కదరా లాలూ. నా పేరు యాడొచ్చింది? పైనా, కిందా?"

లాల్ బాషా గోడకున్న సుత్తుల సంచీని సర్దుతున్నట్టు నటించాడు.

"నడుం ఎత్తున భాయ్. నిలబడి చెయ్యి చాపితే అందుతాది."

సత్తార్ మొహం విప్పారింది. వదిన ఖమర్‌బీ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పి మరిది వంక చూసింది. చూపున్న మనిషి కదా, ఆమెకు అర్థమైపోయింది.

*

చరిత్ర రాసింది హైస్కూలు టీచరు ప్రియదర్శిని. రెండు నెలల కిందట ఆ పిల్ల నోటుబుక్కు పట్టుకుని లాడాల కొట్టం ముందర ఇనుము సాగగొట్టే దాగలి మీదే కూర్చుని రెండు రోజులు అడిగింది, ఆయన చెప్పాడు. ఏ ఏడు ఏ గుర్రం ఏ కాలు కుంటిందో కూడా చెప్పాడు. 'తాతా, నువ్వే ఒక పుస్తకం' అని పొగిడింది కూడా. శుక్రవారం మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టే వేళకు ఆయన బడి వరండాలో నిలబడ్డాడు.

"పుస్తకమన్యావు కదమ్మా నన్ను. ఒక కాయితం చినిగిపోయిందే, యాడ పడేసినారు?"

ప్రియదర్శిని స్టాఫ్ రూములోకి పోయి నోటుబుక్కు తెచ్చి, గొంతు తగ్గించి తన రాత తనే చదివింది.

"'1988. మొత్తం తొమ్మిది గుర్రాలు. పులివెందుల నుంచి మూడు, ప్రొద్దుటూరు నుంచి రెండు, మనవి నాలుగు. ప్రొద్దుటూరు బస్టాండు దగ్గర జట్కా తోలే అబ్దుల్ సత్తార్, బండి విప్పి, అదే గుర్రాన్ని ఎండిన ఏటి ఇసకలోకి దించాడు. గుర్రం పేరు చాందినీ. ఓబులేసురెడ్డి నవ్వి, ఈ బండి గుర్రం నా వజ్రాన్ని దాటితే వచ్చే తిరునాళ్ల దాకా మీసం ఉంచను అన్నాడు. తమ్ముడు లాల్ బాషా ఆ గుర్రానికి నాలుగు లాడాలూ పీకేశాడు...'"

"ఇసకలో ఇనుమెందుకమ్మా, బరువు" అన్నాడు లాల్ బాషా, తెలియకుండానే. "ఆర్మందిని లాగిన గుర్రం అది. బండి లేదు, ఇనుము లేదు. ఎగిరింది."

"'తుమ్మచెట్టు దాకా పోయి తిరిగి వచ్చేసరికి చాందినీ మూడు బారలు ముందుంది. ఓబులేసురెడ్డి అక్కడే ఇసకలో కూర్చుని, మంగలిని పిలిపించి, జనం ముందర మీసం తీయించుకున్నాడు.'" ఆమె పుస్తకం ఆయన వైపు తిప్పింది. ఆ పేజీ మొత్తానికి అడ్డంగా ఎర్ర గీత. అంచున ఎవరిదో చేతిరాత, 'పందెం జరగలేదు అని వేయండి.'

"ఇది ఎవురి రాత?"

"ప్రెసిడెంటు గారిది."

కమిటీ ప్రెసిడెంటు అంటే నాగేంద్రరెడ్డి. ఓబులేసురెడ్డి కొడుకు. ఆనాటికి ఇరవై ఏండ్లవాడు. తండ్రి మీసం ఇసకలో రాలుతుంటే పక్కనే కండువా పట్టుకుని నిలబడినవాడు.

"నువ్వు ఊరకే ఉండిపోతివా?"

"నాది కాంట్రాక్టు ఉద్యోగం తాతా" అంది ప్రియదర్శిని. కండ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ పిల్ల మీద ఆయనకు కోపం రాకనా, వచ్చింది. నాలుగక్షరాలే వచ్చిన సత్తార్ ఎనిమిది గుర్రాల మధ్యలోకి ఒంటరిగా దిగాడు, ఇంత చదువుకున్న మనిషి ఒక ఎర్ర గీతకు అడ్డం నిలబడలేకపోయింది. కానీ ఆ గీత గీసిన చెయ్యి వేరే. అక్కడ అడగాలి.

*

శనివారం పొద్దున నాగేంద్రరెడ్డే కబురు పంపాడు. అడగడానికి కాదు, పందెపు గుర్రం గరుడకు లాడాలు మార్చడానికి. లాల్ బాషా సంచీ భుజాన వేసుకుని పోయాడు. పనికి పిలిస్తే పోవడం ఆయనకు ముప్పూట తినడం లాంటి అలవాటు.

వరండాలో ఓబులేసురెడ్డి నిలువెత్తు ఫొటో, పూలదండ, నిమ్మకాయ నిలబెట్టగల మీసం. దాని పక్కన ఇంకొక ఫొటో ఉండేది. పెద్దకూతురి పెండ్లిలో కన్యాదానం చేస్తున్న ఫొటో, ఎనభై తొమ్మిది మాఘమాసం నాటిది. ఆయన మొహం మీద మీసం లేని ఫొటో ఆ ఇంట్లో అదొక్కటే. లాల్ బాషా దాన్ని పాతికేండ్లుగా చూస్తూ వచ్చాడు. ఇప్పుడు గోడకు ఉత్త మేకు మాత్రం ఉంది.

దొడ్లో జీతగాడు గరుడ మొహంతాడు పట్టుకున్నాడు. లాల్ బాషా గుర్రం మెడ నిమిరి, భుజం మీద చెయ్యి ఆనించి, నెమ్మదిగా కిందికి జార్చి, ఎడమ ముందరి కాలు ఎత్తి రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. పాత లాడం పటకారుతో ఊడదీశాడు. వంకర కత్తితో డెక్క చెక్కుతుంటే పెంకులు పెంకులుగా రాలుతోంది. ఆకురాయితో సమం చేశాడు. కొత్త లాడం ఆనించి చూసి, అంచు ఒక వెంట్రుక వాసి బయటికి ఉందని సంచీలోని చిన్న దాగలి మీద మళ్లీ రెండు దెబ్బలు వేశాడు.

నాగేంద్రరెడ్డి అరుగు మీద నుంచి చూస్తున్నాడు. "నీ చెయ్యి పడకుంటే పందెమే లేదు మామా" అన్నాడు.

అది నిజమే. అరవై ఏండ్లుగా ఒకటే ఆచారం. లాడాలు కొట్టేవాడు ప్రతి గుర్రం ఎడమ ముందరి డెక్కను సుత్తితో మూడుసార్లు తట్టి, బాగుందని చెప్పాలి. తట్టకుండా ఏ గుర్రమూ ఇసకలో దిగదు, ఎక్కేవాడు ఎక్కడు. ముందు తండ్రి తట్టాడు, ఇప్పుడు తను తడుతున్నాడు.

"అప్పా, ఎనబై ఎనిమిదిలో కూడా నేనే తట్టినా" అన్నాడు లాల్ బాషా, తల ఎత్తకుండా. "తొమ్మిది గుర్రాలకు. పందెం జరగకుంటే నేను తట్టింది ఏందానికి?"

నాగేంద్రరెడ్డి అరుగు దిగి దగ్గరికి వచ్చాడు.

"రాయి చూసినావా?"

"చూసినా."

"అది కాదు మామా..." నాగేంద్రరెడ్డి గొంతు మెత్తబడింది. అరిచే పెద్దమనుషుల కంటే మెత్తగా మాట్లాడే పెద్దమనుషులు ప్రమాదం. "ఆ ఏడు ఏదో గలాటా అయింది. బండి గుర్రానికి పందెంలో యాడుంటాది లెక్క? బయట నుంచి శానామంది వస్తాండారు. జట్కా గుర్రం గెలిచిందని రాస్తే మన పందెం విలువేముంటాది చెప్పు. పాతవన్నీ ఇప్పుడు తవ్వుకోవడం ఎందుకు? సోమవారం నీకు స్టేజీ మీద శాలువా కప్పుతాండాం. నీ పేరు మైకులో..."

"నా పేరు నేను అడగలా అప్పా. మా అన్న గుడ్డోడయినాడు. ఆ వరుస మీద వేలు పెట్టి చూసుకుంటానని కూచున్యాడు."

"ఏదో ఒక వరుస మీద పెట్టిచ్చు. ఆయప్పకేం తెలుస్తాది?"

లాల్ బాషా నోట్లో నాలుగు మేకులు పట్టుకుని ఉన్నాడు. లేకుంటే ఏమనేవాడో. ఒక మేకు తీసి లాడం రంధ్రంలో పెట్టాడు. మేకు గట్టి డెక్కలో దిగుతుంటే సుత్తి దెబ్బ టంగుమని పలుకుతుంది. అర వేలు లోపలికి వాలితే జీవమున్న చోట గుచ్చుకుంటుంది, దెబ్బ మొద్దుగా మోగుతుంది. అప్పుడు గుర్రం ఈ రోజు కుంటదు, రేపు కుంటదు, సోమవారం ఇసకలో సరిగ్గా సగం దూరంలో కుంటుంది. నేరం ఎవరి మీదా నిలవదు. ఈ విద్య తండ్రి ఆయనకు ఎలా చెయ్యకూడదో చెప్పడానికే నేర్పాడు.

చేతిలోని మేకు కొంచెం లోపలికి వాలింది. సుత్తి లేచింది. గరుడ మెడ తిప్పి, ఆయన వీపు మీద వెచ్చగా ఊపిరి వదిలింది.

'నువ్వేం చేసినావే' అనుకున్నాడు లాల్ బాషా. మేకు సరిచేసి కొట్టాడు. టంగుమంది. మిగిలిన మేకులూ అలాగే దిగాయి. నాలుగు కాళ్లూ పూర్తయ్యేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఇంత కోపంలోనూ పని ఇంత శుభ్రంగా వచ్చినందుకు ఆయనకు తన మీద తనకే ఇంకా మంట పుట్టింది.

వంటింటి పంచన నాగేంద్రరెడ్డి తల్లి వెంకటమ్మ కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి. లోటాడు మజ్జిగ పోయించి, "సత్తారు ఎట్లుండాడు? సోమవారం వస్తాడా?" అని అడిగింది.

చెప్పకూడదనే అనుకున్నాడు. తల్లి దగ్గర కొడుకు మీద చాడీ చెప్పడం ఆయన మర్యాద కాదు. కానీ మాట ఆగలేదు.

"యాడికొస్తాడు పెద్దమ్మా? ఆ ఏడు పందెం జరగలేదని రాయి మీద కొట్టిచ్చినారు. రెడ్డి ఓడిపోలా, మావాడు గెలవలా. అంతా మనకొచ్చిన కల."

వెంకటమ్మ పైటకొంగు సర్దుకుంది.

"మజ్జిగ తాగు. ఎండన పోవాల" అంది.

అంతే. లాల్ బాషా లోటా కింద పెట్టి బయటపడ్డాడు. కొడుకు కడుపున పుట్టినవాడు, సాయిబులు ఎవరు? ఎవరి పక్షం వాళ్లకుంటుంది. గేటు దాటేదాకా తనను తాను తిట్టుకున్నాడు.

*

"తట్టను" అన్నాడు ఆదివారం పొద్దున, ఖమర్‌బీతో. సత్తార్ మసీదు దాకా పోయి వస్తానని పక్కింటి వాళ్ల చెయ్యి పట్టుకుని వెళ్లాడు. "ఒక్క గుర్రానికీ తట్టను వదినా. సుత్తి కింద పెట్టి కూచుంటా. ఎట్ల జరుగుతాదో చూస్తా పందెం."

ఖమర్‌బీ తెల్లచొక్కాకు ఇస్త్రీ చేస్తోంది. రేపటికి భర్త వేసుకోవాల్సిన చొక్కా.

"నువ్వు తట్టకుంటే గుర్రాలు నిలబడతాయి. ఆయన పేరు వస్తాదా?"

లాల్ బాషా సుత్తుల సంచీని గోడకు తగిలించాడు.

"పోనీ నిజం చెప్పేయ్. నువ్వు చెప్పలేకపోతే నేను చెప్తా."

"వద్దు వదినా. రేపు నేనే చెప్తా. ఆ రాయి కాడనే చెప్తా. అందరూ వినేటట్ల."

ఆమె చొక్కా కాలరు మీద మళ్లీ ఇస్త్రీ పెట్టింది. అది అప్పటికే మడత లేకుండా ఉంది.

*

సోమవారం పొద్దున ఏడింటికే ఏట్లో జనం మొదలయ్యారు. పులివెందుల నుంచి వచ్చిన గుర్రాలు లారీ దిగుతున్నాయి. లాల్ బాషా అన్నను ఆటోలో గట్టుదాకా తెచ్చి, చెయ్యి పట్టుకుని నడిపించాడు. సత్తార్ ఇస్త్రీ చొక్కాలో నిటారుగా నడుస్తున్నాడు. ఇసక వాసన తగలగానే ముక్కుపుటాలు అదిరాయి.

"ఎన్ని గుర్రాల్రా?"

"ఎనిమిది."

"ఒకటి తక్కువే" అన్నాడు సత్తార్ గర్వంగా.

లాల్ బాషా రాయి వైపు దారి తిప్పాడు. ఇంకో ఇరవై అడుగుల్లో చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో మనసులో పేర్చుకుంటూ తల ఎత్తి, అక్కడే ఆగిపోయాడు.

రాయి మీద పట్టా లేదు. ముందర గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో వెంకటమ్మ. ఆమె ఒళ్లో ఫ్రేము కట్టిన ఫొటో. శివ రాయి ముందర గొంతుక్కూర్చుని చీపురుతో పొడి ఊడుస్తున్నాడు. కనురెప్పలతో సహా మొహమంతా తెల్లటి రాతిపొడి. నాగేంద్రరెడ్డి దూరంగా మైకు స్తంభం దగ్గర తేలు కుట్టిన దొంగలా నిలబడి, మోగని ఫోను చెవికి పెట్టుకుని ఉన్నాడు.

"రాత్రి పదింటికే వచ్చి కూచుంది మామా" అన్నాడు శివ మెల్లగా. "నేను కొట్టినంత సేపూ లేయలా. రెడ్డి వచ్చి 'ఏందిమా ఇది' అంటే 'నువ్వు పక్కకు పో' అనింది. అంతే."

వెంకటమ్మ లాల్ బాషాను చూసి గొంతు పెంచింది. ఆ మాటలు ఆయన కోసం కావు, మైకు స్తంభం దాకా వినిపించడానికి.

"నాకు సదువు రాదు లాల్ బాషా. రాయి మీద ఏముండాదో నాకు చెప్పినోడివి నువ్వొక్కడివే. ఇదే ఇసకలో కూచుని, ఇంతమంది ముందర మా రెడ్డి మీసం తీయించుకున్యాడు. ఆ మొగంతోనే ఏడాదంతా కచేరీలకు పోయినాడు, సంతలకు పోయినాడు, ఇదో, బిడ్డ పెండ్లి చేసినాడు." ఫొటోను జనం వైపు తిప్పింది. "ఎవురన్నా నగితే 'మాట మాటే' అన్యాడు. ఇప్పుడు పందెమే జరగలేదంటే ఆయప్ప మీసం ఎందుకు తీసినట్ల? పిచ్చి పట్టిందనా? ఓడిపోయింది నామోషీ కాదురా నాగేంద్రా. ఓడిపోయి మాట నిలబెట్టుకున్నోన్ని, సచ్చినాక అబద్దాలోన్ని చేసినావు. అదీ నామోషీ."

జనం మెడలు చాచి ఫొటో చూశారు.

సత్తార్ తమ్ముడి చెయ్యి గట్టిగా నొక్కాడు. "ఏందిరా? పందెం జరగలేదనేది ఏంది?"

"ఏమీ లేదు భాయ్" అన్నాడు లాల్ బాషా. "దా. చూసుకో."

వేలు పట్టుకుని పెట్టాల్సిన పని పడలేదు. పాత మాటను చెరపడానికి శివ ఆ వరుస పొడుగునా రాతిని అర అంగుళం లోతుకు తొలిచేశాడు. కొత్త అక్షరాలను ఆ గాడిలో చెక్కాడు. సత్తార్ అరచెయ్యి నున్నటి రాయి మీద జారుతూ వచ్చి, నడుం ఎత్తున దానంతటదే ఆ గాడిలో పడింది. చూపుడువేలు వెతికింది. 'అ' దగ్గర ఆగింది. చెంబు మీద తిరిగినట్టే తిరిగింది, ఒక్కో వొంపూ, ఒక్కో కొమ్మూ. చివరి అక్షరం దాకా పోయి, మళ్లీ మొదటికి వచ్చి, ఇంకోసారి పోయింది.

"చాందినీ పేరు కూడా రాసినారు" అన్నాడు.

"రాసినారు."

వేలు ఇంకా ముందుకు పోయింది. "ఈడ ఇంకేందో ఉండాది. ఓ... డి... 'ఓడినది'?" కనుబొమలు ముడిపడ్డాయి. "ఓబులేసురెడ్డి. ఆయప్ప పేరెందుకురా? వేరే వరుసల్లో కూడా ఓడినోళ్లను రాసినారా?"

"లేదు భాయ్. నీ వరుసలోనే."

"నేనే రాయించినా సత్తారూ" అంది వెంకటమ్మ.

సత్తార్ గొంతు వినిపించిన వైపు తిరిగి, తల వంచి సలాము చేశాడు. "మీసం తీస్తాంటే నేను పట్టుకున్యా తల్లీ మంగలి చెయ్యి. 'వద్దు రెడ్డీ, ఆటలో అన్న మాట' అంటి. నా చెయ్యి తోసేసినాడు." ఆయన అరచెయ్యి ఇంకా ఆ గాడిలోనే ఉంది. గుడ్డికండ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి ఆ చెయ్యి తియ్యలేదు.

లాల్ బాషా కోపం చల్లారిందా అంటే లేదు. పైనా కిందా యాభై పైచిలుకు వరుసలు అలాగే ఉన్నాయి. వాటిలో గుర్రాలు ఎక్కినవాళ్ల పేర్లు ఏ గాడిలోనూ లేవు. ఒక తల్లికి రోషం వచ్చింది కాబట్టి ఒక వరుస నిజమైంది, ఆమెకు రాకపోయి ఉంటే? ఆ ప్రశ్న ఆయన లోపల మేకులా దిగింది.

కింద గుర్రాలను వరుసగా నిలబెట్టారు. ఎక్కేవాళ్లు ఆయన కోసం చూస్తున్నారు. ఆయన సంచీలోంచి సుత్తి తీసుకుని ఏట్లోకి దిగాడు. ఏడు గుర్రాలకు తట్టాడు. తట్టే ముందు ఒక్కొక్క ఎక్కేవాడినీ ఎప్పుడూ అడగని మాట అడిగాడు, "నీ పేరేంది నాయనా?" జియావుల్లా అన్నాడొకడు. కార్తీక్ అన్నాడొకడు. ముదస్సిర్, మున్వర్... అందరికీ వినపడేలా, ప్రతి పేరూ గట్టిగా మళ్లీ పలికి, ఆ తర్వాతే డెక్క ఎత్తాడు. గట్టు మీద ప్రియదర్శిని నోటుబుక్కు తెరిచింది.

ఎనిమిదోది గరుడ. దాని కళ్లెం నాగేంద్రరెడ్డి తనే పట్టుకుని ఉన్నాడు. లాల్ బాషా ఎడమ ముందరి కాలు ఎత్తి మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. మేకులు శనివారం దిగినట్టే సూటిగా ఉన్నాయి. సుత్తి లేపి ఆపాడు. నాగేంద్రరెడ్డి పెదాలు తడుపుకున్నాడు.

ఒకటి. రెండు. మూడు. మూడుసార్లూ టంగుమంది.

లాల్ బాషా కాలు దించి, నడుం నిమురుకుంటూ లేచి, మొదటిసారి నాగేంద్రరెడ్డి కండ్లలోకి సూటిగా చూశాడు.

"పందెం జరుగుతాండాది అప్పా. రాసుకోండి."